వినేవాళ్ళ వాటా

అచ్చులో ఉన్న రచనకు ఓపిక ఎక్కువ. చదివేవాడు మధ్యలో లేచి చాయ్ తాగి వచ్చినా ఏమీ అనుకోదు. అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవచ్చు, నచ్చకపోతే మడిచి పక్కన పెట్టొచ్చు. ఇదంతా రాసినవాడికి తెలియదు, తెలియకపోవడంలో హాయి ఉంది. అదే రచనను పదిమంది ముందు నిలబడి చదివితే ఆ హాయి ఉండదు. నోరు దాటిన మాటను పట్టుకున్నవాళ్ళు పట్టుకుంటారు, లేదంటే అది పోయినట్టే. ఎవరు ఆవలిస్తున్నారో, ఎవరు ఫోను చూసుకుంటున్నారో, ఎవరు ముందుకు వంగి వింటున్నారో చదివేవాడికి కనిపిస్తూనే ఉంటుంది.

బాన్సువాడలో కళోత్సవం పెట్టి, అందులో సాహిత్య సభకు వచ్చి ఒక వ్యాసం చదవమన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. హైదరాబాదు హాల్లో చదవడం వేరు. అక్కడ కూర్చునేది చాలావరకు రాసేవాళ్ళే. మాట కూర్పు చూస్తారు, పోలిక కొత్తదా పాతదా అని చూస్తారు. బాన్సువాడలో వరి గురించి చదివితే ఎదురుగా కూర్చునేది వరి పండించేవాళ్ళు. పైగా నేను రాసింది నిజాంసాగర్ కాలువ గురించి. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీర నీళ్ళను ఇటు మళ్ళించాకే ఈ ప్రాంతపు బతుకు మారింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనీ, మొదట అనుకున్న ఆయకట్టు 2,75,000 ఎకరాలనీ నేను పుస్తకాల్లో చదివి రాశాను. కాలువ మొదట్లో ఉన్న పొలానికీ ఆఖరు తూము కింది పొలానికీ ఉండే తేడా మాత్రం పుస్తకాల్లో కంటే ఇక్కడి హోటల్ బల్లల దగ్గరే బాగా తెలుస్తుంది. ఆ బల్లల దగ్గర కూర్చునేవాళ్ళకే ఇప్పుడు నేను చదివి వినిపించాలి.

తెలిసినవాళ్ళ ముందు తెలిసిన సంగతి చదవడమంటే సాక్షుల ముందు వాంగ్మూలం ఇచ్చినట్టే. ఇంట్లో గట్టిగా చదువుకుంటూ పెన్సిలుతో గీతలు పెడుతుంటే ఆ సాక్షులు అప్పుడే వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. కాగితం మీద ముచ్చటగా ఉన్న కొన్ని విశేషణాలు నోట్లోకి వచ్చేసరికి నిలబడలేదు. నీటి తడి గురించి నాలుగు వరసలు సాగిన వాక్యం ఉంది. దాన్ని ఒక్క ఊపిరిలో చదవలేకపోవడం నా ఊపిరి లోపమనుకున్నాను. నిదానంగా చూస్తే అందులో చెప్పిన సంగతి ఒక్కటే, తక్కినదంతా ముస్తాబు. కంటికి కనపడని అబద్ధం చెవికి దొరుకుతుంది.

సాక్షులుంటే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఊరిని పొగిడితే చప్పట్లు ఖాయం. మా మంజీర, మా బంగారు పంట అంటూ గొంతు పెంచితే చాలు, ముందు వరసలోని పెద్దలు తలలూపుతారు. నిజం చెప్పించే సభే మెప్పు కోసం ఆశపడేలా కూడా చేస్తుంది. ఆ పూట నాతో ఏది పలికిస్తుందన్నది వినేవాళ్ళ మీద కూడా ఆధారపడి ఉంటుందని నా అనుమానం.

మన పాత కళలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే వినేవాళ్ళకు పనిపెట్టాయి. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక్కడే కథ లాక్కుపోడు. పక్కవాళ్ళు ప్రశ్న వేస్తారు, ఊ కొడతారు, వాక్యాన్ని అందుకుంటారు. జనం తరఫున అడిగే నోరు కథలోనే ఉంటుంది. ఈ ఉమ్మడి నిజామాబాద్ గడ్డ మీదే చిందు ఎల్లమ్మ మగ పాత్రలు కూడా కట్టి చిందు భాగవతం ఆడింది. 2005లో కన్నుమూసింది. రాత్రి మొదలైన ఆట తెల్లవారేదాకా సాగితే ఊళ్ళు కదలకుండా కూర్చున్నాయి. ఆ ఊళ్ళ మనవలూ మనవరాళ్ళే ఇప్పటి శ్రోతలు. జనానికి వినే ఓపిక లేదని వేదికల మీద మనం అనే మాటను నేను అందుకే నమ్మను.

బాన్సువాడలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా వినిపిస్తుంది. ఉర్దూ కవుల సభ ముషాయిరా పద్ధతి చూడండి. కవి రెండు పాదాల షేర్‌లో మొదటి పాదం చదివి ఆగుతాడు. సభ ఆ పాదాన్ని తిరిగి పలుకుతుంది. నచ్చితే ముకర్రర్ అని మళ్ళీ చదివిస్తుంది. రెండో పాదం చివర మళ్ళీ మళ్ళీ వచ్చే మాటను, అంటే రదీఫును, కవి కంటే ముందే జనం అందుకున్న సందర్భాలూ ఉంటాయి. కవికి అది అవమానం కాదు, అంతకు మించిన మెప్పు లేదు. గాలిబును తెలుగులోకి తెచ్చిన దాశరథికి ఈ రెండు సభల రుచీ తెలుసు.

దాశరథి పేరు వచ్చింది కాబట్టి నిజామాబాద్ ఖిల్లా జైలు సంగతి చెప్పాలి. 1948లో ఖైదీగా ఉన్న ఆయన అక్కడి గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడు. మైకు లేదు, వేదిక లేదు. చూసేది తోటి ఖైదీలు, కాపలావాళ్ళు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా పుస్తకాలు మోసిన మనిషి. 1949లో వచ్చిన తన కవితా సంపుటి అగ్నిధారను దాశరథి ఆయనకే అంకితమిచ్చాడు. రాసినవాడికి ఎంత కష్టమో, ఆ రాత తనదనుకుని నిలబడ్డవాడికీ అంతే కష్టమని దాశరథికి తెలుసు కాబట్టి ఇచ్చాడని నేననుకుంటాను.

మళ్ళీ మా సభకు వస్తాను. నేను చదవడం ముగించాక చప్పట్లు పడ్డాయి, శాలువా పడింది. కిందికి దిగుతుంటే తువ్వాల భుజాన వేసుకున్న పెద్దాయన ఒకరు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు.

"బిడ్డా, నువ్వు సదివిన కాలువ మా పొలం కాడ్నే ఆగుతది. ఆడికెల్లి ముచ్చట నేను చెప్త, ఇను."

చెప్పారు. యాసంగిలో తమ వంతు నీళ్ళు అర్ధరాత్రి వస్తాయట. పైవాళ్ళు మడవ మూస్తారో మూయరో అని టార్చి పట్టుకుని గట్టు మీదే పడుకుంటారట. నీళ్ళు వచ్చేది చప్పుడును బట్టి తెలియదు, ముందు కప్పల అరుపు ఆగుతుందట. నేను మధ్యలో ఊ కొడుతూ ఉన్నాను. వ్యాసం ఆగిన చోటునుంచి ఆయన అందుకున్నారు. సభ ఇచ్చిన శాలువా ఇంట్లో బీరువాలో ఉంది, ఆయన చెప్పిన మాట తర్వాత రాసిన దాంట్లోకి వచ్చింది.

మరి మన సభలు ఆ పెద్దాయనకు చోటిస్తున్నాయా? 2023 జూన్ 11న, తెలంగాణ దశాబ్ది ఉత్సవాల్లో ఒక రోజంతా సాహిత్యానికే ఇచ్చారు. ఉగాదికీ, రాష్ట్ర అవతరణ దినమైన జూన్ 2కూ జిల్లాల్లో కవి సమ్మేళనాలు జరుగుతూనే ఉన్నాయి. చదివే అవకాశానికి కొదవ లేదు, కొదవంతా వినడానికే. పిలిచిన కవులు ఎక్కువ, ఉన్న సమయం తక్కువ. సమయాభావం వల్ల రెండు నిమిషాల్లో ముగించండని చీటీ అందుతుంది. తన కవిత చదివి, శాలువా కప్పించుకుని, ఫోటో దిగి బస్సు వేళ అయిందని వెళ్ళిపోయేవాళ్ళను ఎన్ని సభల్లో చూడలేదు! ఆఖరున చదివే కుర్రవాడికి మిగిలేది కుర్చీలు ఎత్తేవాళ్ళే.

సభలు పెట్టేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. నలభై మందిని పిలిచే చోట పదిమందిని పిలవండి. శాలువాల ఖర్చు తగ్గించి, ప్రతి ఒక్కరూ చదివాక జనం మాట్లాడడానికి కాసేపు ఇవ్వండి, మైకు ఒకటి కిందికి కూడా పంపండి. చదవడానికి వచ్చిన కవులు, రచయితలు ఆఖరు మనిషి చదివేదాకా ఉండండి. వినే ఓపిక లేనివాళ్ళకు వినిపించే హక్కు లేదు.