ఎంజాయ్ చేశారా?



క్రిస్మస్ మరునాడు ఎవరు ఎదురైనా అడిగే ప్రశ్న ఒకటే: "పండుగ బాగా ఎంజాయ్ చేశారా?" ఈ ఆంగ్ల పదం మన నోట తెలుగైపోయింది. తినడం, తిరగడం, సినిమా చూడడం అన్నీ ఎంజాయే.

ఈ మాట పాత ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. దీని మూలం లతీను భాషలోని 'గౌదేరే', అంటే సంతోషించడం. ఆగమనకాలపు మూడవ ఆదివారానికి 'గౌదేతే' ఆదివారమని పేరు వచ్చినదీ ఆ మాట నుండే. ఆంగ్ల చట్టంలో దీనికి ఇంకొక అర్థముంది: ఆస్తిని హక్కుతో అనుభవించడం. మన దస్తావేజులలో "పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలరు" అని రాస్తారే, అదే.

పొలాన్ని అలా అనుభవించవచ్చు. మనుషులనో?

పునీత అగుస్తీను 'క్రైస్తవ బోధ' అనే గ్రంథంలో రెండు క్రియలను వేరు చేసి చూపారు: వాడుకోవడం, ఆనందించడం. గమ్యం చేరడానికి పనికివచ్చేదానిని వాడుకుంటాం. దేనినైనా దాని కోసమే ప్రేమించి హత్తుకుంటే, అది ఆనందించడం. అలా ఆనందింపదగినవాడు సర్వేశ్వరుడే. తోటివారి విషయంలో మన ఆనందం ఆయన యందే నిలవాలి. ఇందుకు ఆయన ఫిలేమోనుకు రాసిన లేఖలోని 20వ వచనాన్ని ఉదాహరించారు.

ఆ లేఖ ఒక బానిసను గురించినది. అతని పేరు ఒనేసిము, అంటే ప్రయోజనకరమైనవాడు. పనికివస్తాడనే పేరుతోనే పిలువబడినవానిని, ఇక బానిసగా గాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని పునీత పౌలు యజమానిని కోరారు.

ఇప్పుడు మన ఇళ్లలోకి చూద్దాం. వంట చేసి, మనుమలను ఎత్తుకొని పెంచినంత కాలం అమ్మ అందరికీ కావాలి. మంచం పట్టాక ఆమె వల్ల ఏ ఉపయోగమూ లేదు. మనం ఆమెను ప్రేమించామా, వాడుకున్నామా అన్నది అప్పుడే బయటపడుతుంది.

తెలుగులో సుఖాన్నీ అనుభవిస్తాం, కష్టాన్నీ అనుభవిస్తాం. రెండింటికీ ఒకే మాట. ఆ ముసలి తల్లికి అన్నం కలిపి తినిపించే బిడ్డ విసుగునూ అనుభవిస్తాడు, ఆమె నవ్వినప్పుడు సంతోషాన్నీ అనుభవిస్తాడు. రెండవది కావాలంటే మొదటిదానినుండి పారిపోకూడదు.

ఈ ఆదివారం దివ్యపూజ ముగిశాక, మన వల్ల తప్ప తన వల్ల ఏమీ కానివారి చెంత అరగంట కూర్చుందాం. అప్పుడెవరైనా "ఎంజాయ్ చేశారా?" అని అడిగితే, ధైర్యంగా అవునని చెబుదాం.