వంతు, వరుస, స్నేహధర్మం

కురుక్షేత్ర సంగ్రామానికి ముందు ద్వారకలో ఒక ఎంపిక జరిగింది. సాయం కోరి దుర్యోధనుడు ముందుగా వచ్చి నిద్రిస్తున్న కృష్ణుని తలవైపు ఆసీనుడయ్యాడు. తరువాత వచ్చిన అర్జునుడు పాదాల వద్ద నిలుచున్నాడు. మేల్కొన్న కృష్ణునికి ముందు కనిపించినవాడు అర్జునుడు. ఒకవైపు మహాసైన్యం, మరొకవైపు ఆయుధం పట్టని తాను. ముందుగా కోరుకునే హక్కు వయసులో చిన్నవాడికి చెందుతుందని కృష్ణుడు తీర్పు చెప్పాడు. అర్జునుడు కృష్ణుని కోరుకున్నాడు. దుర్యోధనుడు తనకు సైన్యం దక్కినందుకు సంతోషించాడు. ఇద్దరూ తామే గెలిచామనుకుంటూ వెళ్లారు. ఉద్యోగపర్వంలోని ఈ ఘట్టాన్ని భక్తిదృష్టితో చదివేవారే ఎక్కువ. కానీ ముందు వంతు ఎవరిది, ఆ వంతును నిర్ణయించే అధికారం ఎవరికి ఉంది, ఒకరికి విలువైనది మరొకరికి ఎందుకు విలువైనది కాదు అనే మూడు ప్రశ్నలు ఇందులో ఇమిడి ఉన్నాయి.

ఈ ప్రశ్నలు నేడు ఒక చిన్న వినోదంలో మళ్లీ తలెత్తుతున్నాయి. మిత్రులు కొందరు ఒకచోట కూడి, నిజంగా మైదానంలో ఆడే క్రీడాకారులను తమలో తాము వంతులవారీగా పంచుకొని ఊహాజట్లు కట్టుకుంటారు. ఆ క్రీడాకారులు అసలు పోటీల్లో సాధించిన ఫలితాలను బట్టి ఈ జట్లకు మార్కులు వస్తాయి. దీనికే ఫాంటసీ లీగ్ అని పేరు. అమెరికాలో ఓక్లాండ్ నగరానికి చెందిన బిల్ వింకెన్‌బాక్, ఆయన సహచరులు 1962లో దీనిని ఆలోచించి, మరుసటి ఏడాది ఎనిమిది మంది సభ్యులతో అమెరికన్ ఫుట్‌బాల్‌కు అన్వయించి ఆడారు. మొదటి వంతున ఎంపికైనవాడు జార్జి బ్లాండా. రెండవ వంతుకు మిగిలినవాడు జిమ్ బ్రౌన్. 1963లో బంతితో 1,863 గజాలు పరుగెత్తి కొత్త రికార్డు స్థాపించినవాడు అతడే. ముందు వంతు దక్కడం వేరు, దానిని వాడుకోవడం వేరు అన్న సంగతి ఈ ఆట పుట్టిననాడే రుజువైంది.

మన దేశంలో ఈ వినోదం క్రికెట్‌ను ఆశ్రయించింది. 2008లో ఐపీఎల్ వేలంపాట మొదలైన తరువాత క్రీడాకారునికి ధర కట్టడం సామాన్యుని సంభాషణలో భాగమైంది. సూరత్‌లోని లింబాయత్‌లో ఎనిమిది మంది తెలుగు మిత్రులు ఇలాంటి ఆటకు కూర్చున్నారని ఊహించుకోవచ్చు. ఆ నగరంతో తెలుగువారికి బంధం మగ్గం మీదుగా ఏర్పడింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడి మరమగ్గాల పరిశ్రమలో స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే భాషలలో తెలుగు కూడా ఒకటి. ఈ ఎనిమిది మందిలో ఒకరు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు, ఒకరు ఉపాధ్యాయులు, ముగ్గురు నలుగురు మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. పందెం డబ్బు లేదు. ఓడినవాడు అందరికీ టీ ఇప్పించాలి, అంతే.

ముందుగా చీట్లు వేసి వరుస నిర్ణయిస్తారు. ఒకటి నుంచి ఎనిమిది వరకు వంతులు పూర్తయ్యాక తిరిగి ఎనిమిదవవాడి నుంచి ఒకటవవాడి వద్దకు రావాలి. ఇంగ్లీషువారు దీనిని పాము నడకతో పోల్చారు. నేతవారి ఇంట దీనికి వేరే పోలిక వెతకనక్కరలేదు; నాడె పడుగులో ఆ అంచు నుంచి ఈ అంచుకు, ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరిగినట్టే వంతు తిరుగుతుంది. ఈ పద్ధతిలో మొదటివాడికి 1, 16, 17, 32వ ఎంపికలు వస్తాయి. చివరివాడికి 8, 9, 24, 25. ఎవరివి కూడినా 66 వస్తుంది. గణితం సమానత్వాన్ని ప్రకటించింది. కానీ అంకెల దూరాలు, విలువల దూరాలు ఒకటి కావు. మేటి ఆటగాడికి, రెండవ మేటికి మధ్య గల అంతరం, ఎనిమిదవ తొమ్మిదవ ఆటగాళ్ల మధ్య గల అంతరం కంటే చాలా పెద్దది కావచ్చు. అప్పుడు ఒకటవ చీటీ తీసినవాడిదే పైచేయి. ఆట ఆడేవారందరికీ ఇది తెలుసు. తెలిసీ ఎవరూ అలగరు. చీటీ ఎవరి పక్షమూ వహించదు కనుక.

ఇక నేర్పు ఎక్కడుంది? మిగిలినవారిలో ఎవరు గొప్ప అని అడిగేవాడు ఇంకా శిష్యుడే. తన వంతు మళ్లీ వచ్చేసరికి ఆ స్థానానికి ఎవరు మిగులుతారు అని అడిగేవాడు ఆరితేరినవాడు. మంచి బ్యాటర్లు పదిమంది ఉండి, నమ్మదగిన వికెట్ కీపర్లు ఇద్దరే ఉంటే, బ్యాటర్ కంటే తక్కువ మార్కులు తెచ్చే కీపర్‌నే ముందు తీసుకోవడం వివేకం. దుర్యోధనుడు సైన్యాన్ని లెక్కించాడు. కృష్ణుడు వంటివాడు మరొకడు మిగలడని లెక్కించలేదు.

ఆటలలో అదృష్టానిది తక్కువ కులమనీ, నేర్పుది ఎక్కువ కులమనీ మన శాసనాలు చాలాకాలంగా భావిస్తూ వచ్చాయి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీ ఆటపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన వ్యాజ్యంలో, 1960ల చివర, సుప్రీంకోర్టు ఆ ఆటలో నేర్పుదే ప్రధాన స్థానమని నిర్ణయించింది. పేకలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అన్నది అందులోని తర్కం. ఫాంటసీ క్రీడలు నడిపిన సంస్థలు న్యాయస్థానాల్లో అనంతరకాలంలో ఆశ్రయించిన వాదన కూడా ఇదే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ భేదాన్ని పక్కకు పెట్టి, నేర్పైనా అదృష్టమైనా, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అంతకు ఎంతో ముందు కౌటిల్యుడు కూడా జూదరుల నేర్పు గురించి పెద్దగా పట్టించుకోలేదు. పాచికలు ప్రభుత్వమే సరఫరా చేయాలి, గెలిచినవాని నుంచి నూటికి 5 వంతులు వసూలు చేయాలి అన్నాడు. పాలనానుభవం ఉన్నవాడి మాట అది.

డబ్బు లేని మిత్రుల గోష్ఠిలో మాత్రం పై తారతమ్యం తలకిందులవుతుంది. అక్కడ అదృష్టమే ధర్మబద్ధం, నేర్పే అనుమానాస్పదం. లెక్కల గుమాస్తాకు మధ్యాహ్నం తీరిక ఉంది. గత మూడేళ్ల అంకెలు చదివాడు, ఎవరికి మోకాలి నొప్పి, ఎవరికి కొత్త శిక్షకుడు వచ్చాడో అతడికి తెలుసు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడికి తెలిసింది నిన్న టీకొట్టులో విన్నది. ఇద్దరి మధ్య ఉన్న తేడాను నేర్పు అనవచ్చునా? అందులో సగం తీరిక. ఆ తీరిక వెనుక జీతం, షిఫ్టు, చదువు అన్నీ ఉన్నాయి. చీటీ ఈ భేదాలను చూడదు. ఎంపిక మొదలైన క్షణం నుంచి అవన్నీ వచ్చి బల్ల చుట్టూ కూర్చుంటాయి.

తెలిసినవాడు తెలియనివాడికి చెప్పాలా? మహాభారతంలోని నలోపాఖ్యానంలో దీనికి ఒక దారి కనిపిస్తుంది. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి చెప్పాడు. ఆ లెక్కల విద్యే అక్షహృదయం, పాచికల రహస్యం. నలుడు దానిని అడిగినప్పుడు ఋతుపర్ణుడు దాచలేదు. బదులుగా అశ్వవిద్య కోరాడు. వినిమయంలో ఎవరి గౌరవమూ తగ్గలేదు. లింబాయత్ మిత్రులు ఎంపికకు ముందురోజు కూర్చుని ఎవరికి తెలిసింది వారు చెప్పుకుంటే ఆట రక్తి తగ్గుతుందన్న అభ్యంతరం వినిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు. గాయం గురించిన వార్త అందరి సొత్తు కావచ్చు. ఆ వార్త నుంచి చేసిన అంచనా ఎవరిది వారిదే. మొదటిదాన్ని దాచడం వర్తకం, రెండవదాన్ని దాచడం ఆట.

వర్తకం అన్నప్పుడు సూరత్ చరిత్ర గుర్తుకు రాక మానదు. పదిహేడవ శతాబ్దిలో తాపీ నది ముఖద్వారం దగ్గర సువాలీ రేవులో ఓడ లంగరు వేసిందన్న కబురు ముందు అందుకున్నవాడికే లాభం. ఆనాటి సంపన్న వర్తకుడు వీర్జీ వోరా ఒక సరుకును మొత్తంగా కొని తన గుప్పిట పెట్టుకునేవాడని ఆంగ్ల వర్తకుల లేఖలు మొర పెట్టుకున్నాయి. అవకాశం దొరికితే ఆ ఆంగ్లేయులూ అదే చేసేవారనుకోండి. ఊహాజట్ల ఎంపికలోనూ ఈ పద్ధతి ఉంది. తనకు కీపర్ ఇప్పటికే ఉన్నా, పక్కవాడికి దక్కకూడదని రెండవ కీపర్‌ను తీసుకోవడం. నిబంధన దీనిని అడ్డుకోదు. తనకు కావలసింది మిత్రుని కంటే ముందు తీసుకోవడం పోటీ. తనకు అక్కరలేనిది మిత్రునికి లేకుండా చేయడంలో గెలుపు వాంఛ కంటే లేమిని చూసి పొందే తృప్తి పాలు ఎక్కువ. బజారులో దానికి ధర ఉంది. వారం వారం ఒకే బల్ల దగ్గర కూర్చోవలసినవారికి అది ఖరీదైన బేరం. ఫలానావాడికి జ్వరమట అని ఊరికే పుకారు వేయడం గురించి వేరే చర్చ అనవసరం. అది అబద్ధం, ఆట పేరుతో దాని జాతి మారదు.

పల్లెల్లో పిల్లలు చెడుగుడుకు జట్లు కట్టే తీరు ఇంకా సున్నితమైనది. సమవుజ్జీలైన ఇద్దరు ఉద్దీగా ఏర్పడి, చాటుకు వెళ్లి తలొక మారుపేరు పెట్టుకొని వచ్చి, పువ్వు కావాలా కాయ కావాలా అని నాయకులను అడుగుతారు. నాయకుడు పేరును కోరుకుంటాడు, మనిషిని కాదు. ఎవరూ చివరకు మిగిలిపోరు, ఎవరూ అక్కరలేనివారనిపించుకోరు. అమెరికా నుంచి వచ్చిన వరుసలో ఆ దాక్షిణ్యం లేదు. ఎంపికయ్యేవాడు బల్ల దగ్గర లేడు కనుక సరిపోయింది.

మిగిలిపోయినవారి విషయంలో సూరత్‌కే ఒక జ్ఞాపకం ఉంది. 2019 సెప్టెంబరు 24న అక్కడి లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో దక్షిణాఫ్రికాపై 15 ఏళ్ల షెఫాలీ వర్మ తొలి అంతర్జాతీయ పోటీ ఆడి సున్నాకే వెనుదిరిగింది. 2025 ప్రపంచకప్‌కు మొదట ప్రకటించిన జట్టులో ఆమె పేరు లేదు. ప్రతీకా రావల్ గాయపడడంతో సెమీఫైనల్‌కు ముందు పిలుపు వచ్చింది. నవంబరు 2న జరిగిన ఫైనల్‌లో 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఆ టోర్నమెంటుకు మొదటే జట్లు పంచుకున్నవారి కాగితాల మీద ఆమె పేరు ఉండడానికి అవకాశమే లేదు.

అన్నిటికంటే చిక్కైన సందర్భం మరొకటి. ఎంపిక రోజున ఎనిమిది మందిలో ఒకరికి రాత్రి షిఫ్టు పడింది. తన వరుస కాగితం మీద రాసి పక్కవాడి చేతికి ఇచ్చి వెళ్లాడు: నా వంతున వీరిని తీసుకో. ఆ తరువాతి వంతు ఆ పక్కవాడిదే. మూడవ వంతు వచ్చేసరికి కాగితంపై ఉన్న పేరు గాయపడి తప్పుకున్నట్టు ఆ సాయంత్రమే వార్త వచ్చింది. రాసింది రాసినట్టు తీసుకుంటే మాట నిలబెట్టినట్టే, పైగా మంచి ఆటగాడు తనకే మిగులుతాడు. కాగితం మార్చి తన బుద్ధితో ఎంచితే, రేపు ఆ ఎంపిక చెడిపోయినప్పుడు నింద తనది. ఇద్దరి తరఫునా నిలబడవలసి వచ్చిన కృష్ణుడు కనీసం ఇద్దరినీ ఎదుట పెట్టుకొని అడిగాడు. ఇక్కడ ఒకరు మగ్గాల మధ్య ఉన్నారు. ఆ చప్పుడులో ఫోను మోగినా వినిపించదు. టీ విరామం వరకు ఆ వంతును ఆపి ఉంచడం తప్ప మార్గం లేదు. మిగిలినవారికి అరగంట ఆలస్యమవుతుంది, ఒకరిద్దరు విసుక్కుంటారు కూడా.