నారములు నివాసముగా గలవాడు

తిరుమల మెట్లెక్కు భక్తుడు దారిపొడవునను పలుకు నామములలో "అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడు" అనునది యొకటి. పసిబిడ్డ మొదలు పండుముదుసలి వరకు అందరి నోటను ఆ బిరుదము ఆడుచుండును. గోవిందనామముతో పాటు దానిని పలికి, ఊపిరి పీల్చుకొని, తరువాతి మెట్టుపై కాలు మోపుదురు. అండములెన్ని, బ్రహ్మాండములెన్ని, వాని నాయకత్వమనగా నేమి యని ఆగి యోచించువారు అరుదు. యోచింపకున్నను నామస్మరణ ఫలమునకు లోటు లేదు. కాని ఈ కాలమున ఆ బిరుదము యొక్క అర్థము పిల్లల ప్రశ్నల రూపమున ఇంటిలోనికే నడచి వచ్చుచున్నది.

కళాశాలలో భౌతికశాస్త్రము చదువుకొను మనుమడొకడు సెలవులకు వచ్చి, సంధ్యావందనము ముగించి లేచుచున్న తాతగారిని ఇట్లడిగెననుకొందము: "తాతగారూ! ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములను ఆరువేలకు పైగా కనుగొనిరి. వానిలో ఎక్కడనైన ప్రాణులుండినచో, వారికిని మన వేంకటేశ్వరస్వామియే దేవుడా? అన్ని లోకములు చూచుకొనవలసిన స్వామికి మన మొర వినుటకు తీరిక యుండునా?" ఈ ప్రశ్నను కొంటెతనమని కసరి పంపుట తగదు. మొదటి సగము బుద్ధి నుండి పుట్టినది. రెండవ సగము భయము నుండి పుట్టినది. రెంటికిని సమాధానము కావలెను.

శాస్త్రజ్ఞులు కనుగొన్నదేమో ముందు తెలిసికొందము. 1995లో స్విట్జర్లాండు దేశస్థులైన మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ అనువారు, సూర్యుని వంటి వేరొక నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును మొదటిసారిగా గుర్తించిరి. వారికి 2019లో నోబెల్ బహుమానము లభించినది. 2009 నుండి 2018 వరకు పనిచేసిన కెప్లర్ అను అంతరిక్ష దూరదర్శిని ఒక్కటియే రెండువేల ఆరువందలకు పైగా గ్రహములను వెల్లడించినది. 2025 నాటికి మొత్తము లెక్క ఆరువేలు దాటినది. ఇందు అధికభాగము ప్రాణికి పనికిరానివే. కొన్ని నిప్పుకణికల వలె మండుచున్నవి. కొన్ని కాలు మోపుటకు నేలయే లేని వాయుగోళములు. నక్షత్రమునకు మిక్కిలి చేరువగాను, మిక్కిలి దూరముగాను గాక, నీరు నీరుగా నిలువదగిన దూరమున నున్నవి కొన్ని మాత్రమే. ట్రాపిస్ట్-1 అను చిన్న ఎఱ్ఱని నక్షత్రము చుట్టు ఏడు గ్రహములున్నట్లు 2017లో ప్రకటించిరి. అది మనకు సుమారు నలుబది కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఆ యేడింటిలో మూడు అట్టి దూరమున నున్నవని చెప్పుదురు.

నివాసయోగ్యమనిన మాటకు అచ్చట ఎవరో నివసించుచున్నారని అర్థము కాదు. నీరు నిలిచి యుండుటకు వీలు కలదని మాత్రమే దాని యర్థము. పత్రికల శీర్షికలు ఈ భేదమును తరచుగా మింగివేయుచున్నవి. ఖాళీగా నున్న ఇంటిని చూచి కాపురమున్న ఇల్లని చెప్పుట వంటిదే యిది.

అంత దూరము పోనక్కరలేకయే ఆశ్చర్యము గొలుపు తావొకటి మన సూర్యుని పరివారమునందే కలదు. శనిగ్రహమునకు ఎన్సెలాడస్ అను ఉపగ్రహము కలదు. దాని అడ్డుకొలత సుమారు ఐదువందల కిలోమీటర్లు. పైన అంతయు తెల్లని మంచు. సున్నకు దిగువ రెండువందల డిగ్రీల చలి. చూచిన వారెవ్వరును అచ్చట జీవపదార్థమున కాశ్రయ ముండునని తలపరు. కాని 2005లో కాసిని అను వ్యోమనౌక దాని దక్షిణధ్రువము కడ మంచు పగుళ్లనుండి నీటియావిరి ధారలు ఆకాశమునకు చిమ్ముచుండుట గమనించినది. శని యొక్క ఆకర్షణ ఆ చిన్న గోళమును ఎడతెగక పిసుకుచుండుటచే లోపల వేడి పుట్టుచున్నది. మంచు క్రింద ఉప్పునీటి సముద్ర మున్నది. ఆ ధారలగుండ నౌక దూసికొనిపోయి పరీక్షించగా కర్బన సమ్మేళనములును, ఉదజని వాయువును కనబడినవి. నౌక సేకరించిన వివరములనుండి ప్రాణమునకు అవసరమైన భాస్వరపు లవణములు సైతము అందున్నట్లు 2023లో తేలినది. ప్రాణి యున్నదని మాత్రము ఇంతవరకు తెలియలేదు.

ఇన్ని దేశముల పండితులు, ఇంత ధనము వెచ్చించి, ఆకాశమున మొట్టమొదట వెదకుచున్నది దేనిని? బంగారమును గాదు, నీటిని. కుజునిపై వెదకినది, గురుగ్రహపు ఉపగ్రహమైన యూరోపాకు 2024 అక్టోబరులో నౌకను పంపినది ఆ నీటి జాడ కొరకే. నారములనగా జలములు, అవి అయనముగా గలవాడు నారాయణుడు అని పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి ఇచ్చట స్మరణకు రాక మానదు. స్నానము చేయునపుడు, ఆచమనము చేయునపుడు, తీర్థము పుచ్చుకొనునపుడు హిందువు నీటిని వట్టి పదార్థముగా తలపడు. ఆ నీరే శనిగ్రహపు సన్నిధిని చీకటి సముద్రమై యున్నదని విన్నపుడు, ఆ నామము మరికొంత లోతుగా వినిపించును.

అట్లని ఇవియన్నియు మన పురాణములలో ముందే వ్రాసియున్నవని జబ్బలు చరచుకొనుట భక్తికి గాని శాస్త్రమునకు గాని మేలు చేయదు. పురాణములు చెప్పిన చతుర్దశభువనములు జీవుడు తన కర్మఫలము ననుభవించు తావులు. దూరదర్శినితో చూడదగిన రాతిగోళములతో వానిని జతపరచి లెక్కలు కట్టనక్కరలేదు. పురాణము బోధించినది వేరు. దశమస్కంధమున బ్రహ్మదేవుడు శ్రీకృష్ణుని దూడలను, గోపబాలకులను దాచి, తుదకు సిగ్గుపడి స్తుతించును. తాను ఏలు బ్రహ్మాండము స్వామి రోమకూపములలో అణువుల వలె సంచరించు లెక్కలేని అండములలో ఒకటియేనని ఒప్పుకొనును. బ్రహ్మకే తప్పని అణకువ అది. మానవునికి దానిని నేర్పుటకు ఇపుడు దూరదర్శిని వచ్చినది.

మనుమని మొదటి ప్రశ్నకు భగవద్రామానుజుల సిద్ధాంతమున సూటియైన సమాధానము కలదు. చేతనములు, అచేతనములు సమస్తమును పరమాత్మకు శరీరము. ఆయన వాని యందలి అంతర్యామి. జీవుడనగా రెండు కాళ్ల మనుష్యుడొక్కడే యని మన పెద్దలెన్నడును అనలేదు; చీమ మొదలు బ్రహ్మ వరకు అని యనిరి. ఎన్సెలాడస్ మంచు క్రింద కంటికానని సూక్ష్మజీవి యొకటి యున్నచో, దానిలోను ఉన్నవాడు ఆయనయే. అది ఆయనను ఏ పేరున పిలుచునో, పిలుచునో లేదో, మన కనవసరము.

కాసిని నౌక తుదిఘడియ ఈ సందర్భమున తలపదగినది. పదుమూడేండ్లు శని చుట్టు తిరిగి దాని యింధనము అడుగంటినది. దానిని అట్లే విడిచినచో ఎన్నడో ఒకనాడు ఎన్సెలాడస్ పైననో, టైటాన్ పైననో పడి, భూమినుండి అంటుకొని వెళ్లిన సూక్ష్మజీవులను అచ్చట విడుచునేమో యని శాస్త్రజ్ఞులు శంకించిరి. ఉన్నదో లేదో తెలియని ప్రాణికి తమ వలన హాని కలుగరాదని, 2017 సెప్టెంబరు 15న ఆ నౌకను తామే శనిగ్రహపు వాతావరణమున దింపి దగ్ధమొనర్చిరి. దానికొరకు జీవితములో సగభాగము వెచ్చించినవారు అందు కలరు. వారు దీనికి పెట్టుకొన్న పేరు వేరు. మన యింట దీనిని అహింస యందురు. అడుగు క్రింద చీమ పడునేమోనని చూచి నడచువాని భావమే యిది.

ఇక రెండవ ప్రశ్న. మన్ను తింటివా యని యశోద అడుగగా బాలకృష్ణుడు నోరు తెరచెను. ఆమెకు అందు సముద్రములు, కొండలు, చుక్కలు, భూగోళము కనబడినవి. ఆ భూగోళమున గోకులమును, అందు తన్నును, తన యెదుటి బిడ్డను గూడ చూచినది. అంత చూచినది ఇల్లు విడిచి తపస్సునకు పోలేదు. కొంతసేపు కలయో, మాయయో యని తలక్రిందులై, పిమ్మట బిడ్డను ఒడిలోనికి తీసికొన్నది. నోట విశ్వమున్నవాడు ఒడిలో ఇమిడెను. మన మొర వినుటకు తీరిక యున్నదా యని అడుగు మనుమనికి తాతగారు చెప్పవలసినది ఈ కథయే.

ఇస్రో శాస్త్రజ్ఞులు శ్రీహరికోట నుండి రాకెట్టును పంపుటకు ముందు దాని నమూనాను తిరుమలకు తెచ్చి స్వామి సన్నిధిని పూజ చేయించుట పరిపాటి. 2013 నవంబరు 5న బయలుదేరి మరుసటి యేడు కుజుని చేరిన మంగళయానము అచ్చటినుండి వెడలినదే. అట్లు వచ్చువారికైనను, కాలినడకను వచ్చు రైతునకైనను కొండపై ఆచార మొక్కటియే. అది ఆదివరాహక్షేత్రము. నీట మునిగిన ఈ భూమిని కోరపై నెత్తి నిలిపిన వరాహస్వామి, శ్రీనివాసునకు అచ్చట చోటిచ్చెనని స్థలపురాణము. తొలి దర్శనము, తొలి నైవేద్యము వరాహస్వామికే చెల్లునట్లు శ్రీనివాసుడు మాట యిచ్చెను. కావున అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుని చూడవచ్చిన భక్తుడు ముందు పుష్కరిణి గట్టుననున్న ఆ చిన్న ఆలయమునకు పోయి, ఈ యొక్క భూమిని ఎత్తి పట్టినవానికి చేతులు జోడించి, పిదప మహాద్వారమువైపు నడచును.