కనుల గడప

మిట్టమధ్యాహ్నపు టెండలో నిలిచి, వరుసలో జరిగి జరిగి, గర్భగృహము నెదుటికి వచ్చిన భక్తునకు స్వామి కనబడు కాలము కొన్ని క్షణములు మాత్రమే. లోపల దీపముల వెలుగు తప్ప వేరొకటి లేదు. ఎండకు అలవాటుపడిన కన్ను ఆ మసకవెలుగునకు కుదురుకొనక మునుపే వెలుపలికి రావలసియుండును. మంటపములో కూర్చున్న పిమ్మట ఇంటివారు వృద్ధురాలైన తల్లి నడుగు మాట ఒకటే: "అమ్మా, స్వామి కనబడినాడా?" ఆమె "కనబడినాడు నాయనా" అనును. ఇంత దూరము చేయిపట్టి నడిపించుకొని వచ్చిన కొడుకు ముఖము చూచి ఏ తల్లి కాదనగలదు? ఆ మాట సత్యమా, అసత్యమా అను ప్రశ్న అల్పముగ తోచును గాని, సన్నిధిలో పలికిన మాటకు వెలకట్టు గృహములలో అది అల్పము కాదు.

"చూచితిని" అను మాటను కొలిచి చూడవలెనని తలచినవారిలో జర్మనీ దేశమున లైప్జిగ్ నగరవాసియైన గుస్టావ్ ఫెక్నర్ ముఖ్యుడు. రంగుటద్దముల గుండ సూర్యుని చూచుచు ప్రయోగములు చేయుటచే 1840 ప్రాంతమున అతని చూపు చెడినది. వెలుగు సహింపలేక సుమారు మూడు సంవత్సరములు చీకటిలో గడపెను. 1843లో మరల తోటలోనికి వచ్చినప్పుడు పూలు తమంత తామే వెలుగుచున్నట్లు అతనికి తోచినది. మొక్కలకును ఆత్మ కలదని 1848లో ఒక గ్రంథమే వ్రాసెను. స్థావరములయందును జీవుడు కలడని వినుచు పెరిగినవారికి ఇందులో వింత లేదు. 1860లో వెలువడిన అతని మహాగ్రంథము, వెలుగు, బరువు మున్నగువానిని మనస్సు గ్రహించు తీరును కొలుచుటకు దారి చూపినది. ఇంద్రియము గ్రహింపగల కనిష్ఠపు హద్దునకు అతడు వాడిన పదమునకు అర్థము "గడప".

వైష్ణవులకు ఈ మాట క్రొత్తది కాదు. స్వామి సన్నిధిని పడిగా పడియుండి ఆ పగడపు నోటిని చూచుచుండవలెనని కులశేఖరాళ్వారు కోరినారు. గర్భగృహపు గడపను నేటికిని కులశేఖరపడి యనియే పిలుచుచున్నారు.

కంటి గడప యెక్కడనో వెదకిన ప్రయోగము న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున జరిగినది. హెక్ట్, ష్లేర్, పిరెన్ అను మువ్వురు దానిని 1942లో ప్రకటించిరి. చూచువాడు ముందుగా అరగంటకు తక్కువ గాకుండ కటికచీకటిలో కూర్చుండవలెను. తల కదలకుండ పండ్ల అచ్చును కరచిపట్టి, చిన్న ఎఱ్ఱదీపముపై చూపు నిలుపవలెను. అప్పుడు ప్రక్కగా, సెకనులో వెయ్యవ వంతు కాలము, నీలము కలసిన పచ్చని వెలుగు మెఱయును. నూటికి అరువది మార్లు అది కనబడుటకు కంటిపై పడవలసిన వెలుగు రేణువులు మనిషిని బట్టి 54 మొదలు 148 వరకు మాత్రమే. వానిలో అధికభాగము దారిలోనే పోగా, లోపలి పొర నిజముగ గ్రహించునవి 5 మొదలు 14 అని వారు లెక్కకట్టిరి. అవి సుమారు 500 దృష్టికణములపై చెదరి పడును గనుక, ఒక్క రేణువు సోకినను ఒక కణము మేల్కొనుచున్నదని తేలినది. మాంసమయమైన కంటికి ఇంతటి సూక్ష్మత నొసగినవాడెవడో ఆ పత్రములో లేదు. అది వారి ప్రశ్నయు కాదు.

అయితే ఆ గడప రాతిగడప కాదు. అదే వెలుగు ఒకమారు కనబడును, మరొకమారు కనబడదు. 1954లో మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన టానర్, స్వెట్స్ అనువారు ఇంకొక మెట్టు లోనికి దిగిరి. కన్ను ఎంత గ్రహించినది యనునది వేరు, ఎంత గ్రహించిన ఔనని ఒప్పుకొనవచ్చునని మనస్సు నిశ్చయించుకొన్నది యనునది వేరు. ఉన్నదానిని కనుగొన్నందుకు బహుమానము పెంచినచో చూచువాడు "కనబడినది" అని ఎక్కువ మార్లు అనును. వెలుగు లేనప్పుడును అనును. లేనిది ఉన్నదన్నందుకు దండన పెంచినచో ఉన్న వెలుగును సైతము కాదనును. కన్ను మాత్రము మునుపటి కన్నే. మంటపములోని తల్లికి కొడుకు సంతోషమే బహుమానము.

మరి వెలుగు లేనప్పుడు ఔనన్నవాడు అబద్ధీకుడా? అన్నివేళల కాదు. దృష్టికణములలోని వర్ణద్రవ్యము వెలుగు సోకకున్నను, ఒంటి వేడిమి చేతనే అరుదుగ మాఱుచుండును. ఆ కణము పంపు వార్తకును, నిజమైన వెలుగు పంపించు వార్తకును భేదము లేదు. ముత్యపుచిప్పలో వెండి తోచినప్పుడు, అక్కడ వెండి యంశము కొంత నిజముగనే యున్నదనియు, అధికముగ నున్న చిప్ప యంశము తెలియకపోవుటయే భ్రమయనియు భగవద్రామానుజులు నిరూపించినారు. ప్రయోగశాల ఈ సిద్ధాంతమును ఋజువు చేసినదనుట తొందరపాటు. కంటి వేడిమి వేరు, చిప్పలోని వెండి వేరు. కాని పొరపడినవాని ముందు కూడ ఏదో ఒకటి నిజముగ నున్నదను దయగల చూపు రెండింటను కలదు.

ఆ చూపు కలవారు తల్లిని "కనబడినాడా" అని అడుగరు. "ఏమేమి చూచితివమ్మా" అని అడుగుదురు. అప్పుడామె కొంగుతో కన్నులు తుడుచుకొని, దీపము కనబడినదనియు, తులసిమాల పచ్చగ కనబడినదనియు, ముఖము మాత్రము తెలియలేదనియు, తడబాటు లేకుండ చెప్పును.