కత్తి కాదు, వంతు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట. 1974లో అమెరికాలో పుట్టింది. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. పాచికలు వేస్తూ కథ నడుపుతారు. దారి చూపే మనిషి డంజన్ మాస్టర్.

ఆ బల్ల దగ్గర ఒక్కోసారి ఒక ముఖం చిన్నబోతుంది. "మాంత్రికుడు ఒక్క మంత్రంతో గుంపునంతా కాల్చేశాడు. ఇక నా దొంగ పాత్ర ఎందుకు? కూరలో కరివేపాకులా!"

మీరే డంజన్ మాస్టరైతే, కంగారుపడి ఆ ఆటగాడికి పెద్ద కత్తి ఇవ్వకండి. రేపు పక్కవాడు ఇంకా పెద్దది అడుగుతాడు. ఇతను అడిగింది కత్తి కాదు, వంతు.

పెళ్లి వంటలు చూడండి. గాడిపొయ్యి దగ్గర పెద్ద వంటవాడిదే హడావుడి. పులిహోర పోపు వేసే మనిషి ఓ మూల ఉంటాడు. ఇంగువ వాసన రాగానే తలలన్నీ అటే తిరుగుతాయి. అదీ వంతంటే.

ముందు ఆ ఆటగాణ్ణి పక్కకు పిలిచి అడగండి, ఎక్కడ చేతులు కట్టేసినట్టు అనిపించిందని. పాత్రల బలాల లెక్కలో నిజంగా తేడా ఉంటే సరిదిద్దండి. అందులో నామోషీ లేదు. చాలాసార్లు లెక్క సరిగ్గానే ఉంటుంది. వంతే వచ్చి ఉండదు.

వచ్చే ఆటలో ఒక తాళం పెట్టండి. మంత్రానికి లొంగని తాళం. లోపల ఖైదీ. బయట కునుకు తీస్తున్న కాపలావాడు. చప్పుడు కాకూడదు. అందరూ దొంగ వైపు చూస్తారు. అతను పాచిక అందుకుంటాడు.