నైలు నది ఎవరిది?



ఈజిప్టు రాజ్యమూ, అక్కడ పారే నదులూ తనవేనని ఫిరౌన్ తన జాతి ముందు విర్రవీగాడు. దివ్యఖుర్ఆన్‌లోని జుఖ్రుఫ్ సూరా ఈ సంగతి మనకు తెలియజేస్తోంది. చివరికి అతను నీళ్ళలోనే మునిగి చనిపోయాడు. నైలు నది మాత్రం తనను సృష్టించినవాని ఆజ్ఞ ప్రకారం నేటికీ ప్రవహిస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ నదిపై లుక్సర్ నుంచి అస్వాన్ దాకా యాత్రికుల ఓడలు తిరుగుతున్నాయి. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే మన సోదరుల్లో కొందరు కూడా సెలవుల్లో కుటుంబంతో అక్కడికి వెళుతుంటారు. విగ్రహాలున్న ఆ పురాతన ఆలయాలను విశ్వాసి చూడవచ్చా అన్న ప్రశ్న వారికి ఎదురవుతుంది.

భూమిపై సంచరించి, సత్యాన్ని తిరస్కరించినవారి పర్యవసానం ఏమైందో చూడమని ఖుర్ఆన్ పదే పదే ఆదేశిస్తోంది. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి నివాసాల మీదుగా వెళ్ళినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తలను వస్త్రంతో కప్పుకుని, వాహనాన్ని వేగంగా నడిపించారు. శిక్షకు గురైనవారి చోట ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని అనుచరులకు బోధించారు. నైలు తీరంలోని ప్రతి ఆలయమూ శిక్ష దిగిన చోటని మనం అనలేం. అయినా మన చూపు ఎలా ఉండాలో ఈ బోధన నేర్పుతోంది. అది వినోదం కోసం చూసే చూపు కాదు, గుణపాఠం కోసం చూసే చూపు.

ఆ గుణపాఠం అబూ సింబెల్‌లో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. రెండవ రామ్సెస్ రాజు తన విగ్రహాలు నాలుగింటిని దాదాపు 20 మీటర్ల ఎత్తున అక్కడ కొండలో తొలిపించాడు. లోపల దేవుళ్ళ సరసన తననూ కూర్చోబెట్టుకున్నాడు. బయటి విగ్రహాల్లో ఒకదాని పైభాగం విరిగి దాని కాళ్ళ దగ్గరే పడి ఉంది. అస్వాన్ పెద్ద ఆనకట్ట వల్ల నీరు పెరిగినప్పుడు ఆ రాతి దేవుళ్ళు తమను తాము కాపాడుకోలేకపోయారు. 1964 నుంచి 1968 వరకు మనుషులే వాటిని ముక్కలుగా కోసి పైకి చేర్చారు. విగ్రహాలు తమకు తామే సాయం చేసుకోలేవని ప్రవక్త ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన జాతికి చెప్పిన మాట ఇదే కదా!

కనుక వెళ్ళేవారు కొన్ని విషయాల్లో జాగ్రత్త వహించాలి. కర్నాక్‌లో కొలను పక్కన ఒక రాతి పేడపురుగు ఉంది. దాని చుట్టూ తిరిగితే అదృష్టం కలుగుతుందని చెబుతారు. నవ్వులాటకైనా, ఫోటో కోసమైనా విశ్వాసి ఆ పని చేయరాదు. అతని తవాఫ్ కాబాగృహానికే. దిష్టి తగలకుండా కాపాడుతుందని అమ్మే ‘హోరస్ కన్ను’ బిళ్ళలను పిల్లల మెడలో వేయరాదు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి.

ఎండ ముదరకముందే ఆలయాలు చూపించాలని గైడ్లు చీకటితోనే నిద్ర లేపుతారు. రాతి విగ్రహాల కోసం లేచిన మనిషి ఫజ్ర్ నమాజు చేయకుండా వెళితే అంతకు మించిన నష్టం ఏముంది? ప్రయాణికునికి షరీఅత్ ఖస్ర్ సౌలభ్యం ఇచ్చింది. ఓడలో నిలబడలేకపోతే కూర్చుని నమాజు చేయవచ్చు. లుక్సర్ ఆలయ ప్రాంగణంలోనే ఉన్న అబుల్ హజ్జాజ్ మస్జిదులో నేటికీ అజాన్ వినిపిస్తుంది.

ఫిరౌన్ భార్య హజ్రత్ ఆసియా (అలైహస్సలాం)ను ఒకసారి తలచుకోండి. రాజభవనంలో ఉంటూనే ఆమె స్వర్గంలో తన ప్రభువు సన్నిధిలో ఒక ఇల్లు కోరుకుంది. ఆమె పేరుమీద మనకు తెలిసిన ఆలయం లేదు, విగ్రహం లేదు. అయినా విశ్వాసులందరికీ ఆమెను ఆదర్శంగా నిలిపాడు అల్లాహ్. మనం కట్టుకునే ఇళ్ళు, వాటి గోడలపై రాయించుకునే పేర్లు ఎంతకాలం ఉంటాయి? ఆమె కోరిన ఇంటి కోసం మనం ఏం సిద్ధం చేసుకున్నాం?

చూసినదాని నుంచి గుణపాఠం గ్రహించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.