మన్నించే హక్కు ఎవరిది?

క్షమాగుణం ఎంతో గొప్పది. అయితే క్షమించవలసింది ఎవరు? నష్టపోయినవారా, లేక వారి తరఫున మరొకరా? ఇది తేల్చుకోకపోతే దయ పేరుతోనే అన్యాయం జరిగిపోతుంది.

మన కళింగపట్నం వంటి తీరగ్రామాల నుంచి ఎందరో పొట్ట చేతబట్టుకుని పైడిభీమవరం, విశాఖ, అచ్యుతాపురం కర్మాగారాలకు వెళుతుంటారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఓ ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొంది. ఇటువంటి కేసుల్లో నేరం రుజువయ్యాక కూడా శిక్ష నామమాత్రంగా ఉంటే ఏం చేయాలి?

భోపాల్ ఉదంతం చూడండి. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ విషవాయువు వేలాది ప్రాణాలు తీసింది. 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యం వల్ల సంభవించిన మరణం స్థాయికి తగ్గించింది. ఆనాటి చట్టంలో దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళే. 2010 జూన్ 7న ఏడుగురికి ఆ రెండేళ్ళే పడ్డాయి. అదేరోజు వారికి బెయిలు కూడా లభించింది. దేశమంతా నిరసించాక సి.బి.ఐ. 1996 నాటి తీర్పును సరిదిద్దమని కోరింది. 14 ఏళ్ళ జాప్యానికి సంతృప్తికరమైన వివరణ లేదంటూ 2011 మే 11న సుప్రీంకోర్టు ఆ వినతిని తోసిపుచ్చింది.

శిక్ష చాలదని అప్పీలు చేసే అధికారం మన చట్టంలో ప్రభుత్వానికి ఉంది. బాధిత కుటుంబం మాత్రం నిందితుల విడుదలపైనో, పరిహారం చాలదనో అప్పీలు చేయగలదు గాని, శిక్ష చాలదని చేయలేదు. 2020లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 2024 జూలైలో వచ్చిన కొత్త సంహితలోనూ ఇదే పరిస్థితి.

దివ్యఖుర్ఆన్ (4:92) బోధన గమనించండి. పొరపాటున ప్రాణం తీసినా మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలి. దాన్ని వదులుకునే హక్కు కూడా ఆ కుటుంబానిదే. అంటే మన్నింపు బాధితుల సొత్తు. దాన్ని ఇతరులు పంచిపెట్టడానికి వీల్లేదు.

శిక్ష పెంచమనడం పగ కాదా అని కొందరు అడుగుతారు. పగ మనిషిని వెంటాడుతుంది. అప్పీలు న్యాయస్థానం తలుపు తడుతుంది. తీర్పు చెప్పేవారూ మనుషులే కనుక పొరపాటు పడవచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఫోర్క్‌లిఫ్ట్ బోల్తాపడి ఓ కార్మికుడు చనిపోతే, 2024లో కంపెనీకి 13 లక్షల డాలర్ల జరిమానా పడింది. ప్రాసిక్యూషన్ అప్పీలు చేయగా 2025లో అది 30 లక్షలకు పెరిగింది. పోయిన ప్రాణం తిరిగిరాదు. కాని భద్రతకు పెట్టే ఖర్చు కన్నా జరిమానా చౌక అనే లెక్క చెల్లదని యజమానులకు తెలిసివస్తుంది.

కాబట్టి అప్పీలు చేసే బాధ్యత ఉన్న ప్రభుత్వం గడువు దాటకముందే మేల్కొనాలి. మేల్కొనేలా మనం అడగాలి. చనిపోయినవారు తమ తరఫున మాట్లాడలేరు. వారి పక్షాన నిలవడం బ్రతికి ఉన్న మనందరి మీదున్న అమానతు.